నటుడైన నవలాకర్త: గౌరవ మెవ్వరికి?

కలము పట్టిన చేయి ముఖమునకు రంగు పూసికొనుట తగునా యను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. వ్రాయువాడు గదిలో కూర్చుండి వ్రాయవలయుననియు, ఆడువాడు రంగమెక్కి ఆడవలయుననియు, ఒక్కడే రెండు పనులకు పూనుకొనిన రెండును చెడుననియు మనలో పెక్కుమంది తలంతురు. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాని సామెత ఇట్టి సందర్భములందే వినబడుచుండును. కాని మనుష్యుల జీవితములను చూచి సామెతలోని నిజమును తేల్చుకొనవలయునే గాని, సామెతను చూచి మనుష్యుల జీవితములను తేల్చివేయరాదు. ఈ విచారణకు గొల్లపూడి మారుతీరావుగారి జీవితముకంటె తగిన నిదర్శనము మాకు కనబడుట లేదు. ఆయన నవలలు వ్రాసిరి, నాటకములు వ్రాసిరి, పత్రికలలో పనిచేసిరి, ఆకాశవాణిలో పనిచేసిరి. నలువదియేండ్లు దాటిన పిమ్మట వెండితెర కెక్కి రెండువందలకు పైబడిన చిత్రములలో వేషములు ధరించిరి. 2019 డిసెంబరు 12న చెన్నపట్టణమున, ఎనుబదియవ యేట కన్నుమూసిరి.

ఈ విషయమును జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చదువరుల ముందు పెట్టుటకు మాకొక కారణము కలదు. వ్రాతకును ఆటకును చుట్టరికము ఈ నేలపై నేడు పుట్టినది కాదు. జనగామ జిల్లాలోని పాలకురితి పేరును తన ఇంటిపేరుగా ధరించిన సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రములో శ్రీశైలమునకు వచ్చిన భక్తుల ఆటపాటలను, బొమ్మలాటలను ఎంత శ్రద్ధతో వర్ణించెనో తెలుగు చదివినవారెల్ల నెరుగుదురు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని యుద్ధములు చేసిన చేతితోనే నృత్తరత్నావళిని రచించెను. 1213లో నిలిచిన రామప్పగుడి స్తంభములపై నాట్యభంగిమలు శిలలై యున్నవి. ఆ గుడి 2016 నుండి భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలో చేరినది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. ఏనుగుల దళమును నడిపినవాడు నాట్యశాస్త్రమును వ్రాయగా తప్పుపట్టని ఈ నేల, నవల వ్రాసినవాడు నాటకమాడిన నెందుకు తప్పుపట్టవలయును?

మారుతీరావుగారు 1939 ఏప్రిల్ 14న విజయనగరమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణిత భౌతికశాస్త్రము నభ్యసించి పట్టభద్రులైరి. పదునైదవయేటనే, అనగా 1954లో, ప్రొద్దుటూరినుండి వెలువడుచుండిన రేనాడు పత్రికలో ఆయన తొలికథ 'ఆశాజీవి' అచ్చుపడినది. చదువుకొను దినములలోనే రాఘవ కళానికేతన్ అను పేర ఒక నాటకబృందమును నడిపి, నాటకములకు దర్శకత్వము వహించి, తామే ప్రధానపాత్రలు ధరించుచుండిరి. కావున ఆయన మొదట రచయితయై, తరువాత ఆశపడి నటుడైనారనుట సరికాదు. కథయును వేషమును ఆయన యౌవనమున ఒక్కసారిగానే మొలకెత్తినవి. వెండితెరకు వచ్చుట ఆలస్యమైనదే గాని, రంగస్థలము ఆయనకు తొలినాటి ఇల్లు.

1959లో ఆంధ్రప్రభ దినపత్రికలో ఉపసంపాదకులుగా చేరి, కొంతకాలము చిత్తూరునందును పనిచేసిరి. పిదప ఆకాశవాణిలో ప్రవేశించి సుమారు ఇరువది సంవత్సరములు పలు కేంద్రములలో కొలువు చేసి, కడప కేంద్రమున సహాయ సంచాలక పదవిలో నుండగా ఆ యుద్యోగమునకు స్వస్తి చెప్పిరి. పత్రికాలయము క్లుప్తతను నేర్పును. ఆకాశవాణి చెవికి వ్రాయుటను నేర్పును. కంటికి ఏమియు చూపజాలని చోట ఒక్క మాటతో ఇంటిని, వానను, వైరమును సృష్టింపవలసియుండును. ఆయన నాటకములలోని సంభాషణము వినసొంపుగా నుండుటకు ఈ శిక్షణమే కారణమని మా అభిప్రాయము.

1962లో చైనా మన సరిహద్దులపైకి దండెత్తి వచ్చినప్పుడు 'వందేమాతరం' అను నాటకమును రచించి, చిత్తూరు ప్రాంతములందు ప్రదర్శింపించి, వచ్చిన ధనమును దేశరక్షణ నిధికి సమర్పించిరి. 'అనంతం', 'కళ్ళు', 'రెండు రెళ్ళు ఆరు', 'కరుణించని దేవతలు' మొదలగు నాటకములు ఆయన పేరును పరిషత్తుల పందిళ్లలో నిలిపినవి. వీనిలో 'కళ్ళు' ప్రత్యేకముగ చెప్పదగినది. కొందరు గ్రుడ్డి బిచ్చగాండ్రు తమలో ఒకనికైనను చూపు వచ్చిన తమ కందరికి దారి చూపునని తలంచి, కూడబెట్టిన సొమ్ముతో వానికి కండ్లు తెప్పింతురు. చూపు వచ్చినవాడు తోడివారిని మరచును. చూపులేని దినములలో కలిగియుండిన ధర్మము చూపు వచ్చిన దినమున పోవుటయే ఆ నాటకపు మర్మము. దీనిని ఎం.వి. రఘు 1988లో చలనచిత్రముగ తీసిరి. నాయకునివెంట తిరిగి, పదవి వచ్చిన పిదప ఆతనిచే మరువబడిన అనుభవము గల గ్రామవాసులకు ఈ కథను విప్పిచెప్పవలసిన పని లేదు.

చలనచిత్రమునకు ఆయన మొదట రచయితగానే పోయిరి. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము' నవల నాధారముగ చేసికొని తీసిన 'డాక్టర్ చక్రవర్తి' (1964) కథాసంవిధానమున ఆయన పాలుగొనిరి. నంది బహుమానములు ఆ సంవత్సరపు చిత్రములతోనే ఆరంభమైనవి. ఉత్తమచిత్రమునకు తొలి స్వర్ణనంది దీనికే లభించినది. కె. విశ్వనాథ్‌గారికి దర్శకులుగా తొలిచిత్రమైన 'ఆత్మగౌరవం' కథకుగాను యద్దనపూడి సులోచనారాణిగారితో పాటు మారుతీరావుగారును నంది నందుకొనిరి. అట్లు రెండు దశాబ్దములపాటు ఆయన తెరవెనుకనే యుండిరి. 1982లో కోడి రామకృష్ణగారి దర్శకత్వమున వచ్చిన 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య' ఆయనను తెరముందునకు తెచ్చినది. అది మొదలు ఆయన ముఖము ఆంధ్రదేశమున ప్రతి ఊరికిని తెలిసిపోయెను. అదే యేట వచ్చిన 'తరంగిణి' ఆయనకు హాస్యనటునిగా నందిని తెచ్చిపెట్టెను. 1986లో 'స్వాతిముత్యం', 1987లో 'సంసారం ఒక చదరంగం' వచ్చినవి. రెండవదానిలో ఆయన ధరించిన తండ్రి వేషమును, ఇంటినడుమ గీచిన గీతను మరచిన గృహస్థులు తక్కువ.

ఆయన నటన యందలి విశేషమేమి? ఆయన సుందరాకారుడు కాడు. గదయెత్తి గర్జించువాడును కాడు. నవ్వుచు నవ్వుచునే ఎదుటివాని కొంపకు నిప్పు పెట్టు పెద్దమనిషి, చుట్టరికమును వడ్డీకి త్రిప్పు మేనమామ, పిల్లల పెండ్లిండ్లకు అప్పుచేసి ఆత్మాభిమానముతో కుమిలిపోవు ఉద్యోగి, ఇట్టివారు ఆయన చేతిలో ప్రాణముపోసికొనిరి. వీరు కథలవ్రాతగాడు వీధి అరుగుపై కూర్చుండి ముప్పదియేండ్లు పరిశీలించిన మనుష్యులు. ఒక మాటకు ముందు ఎంతసేపు ఊరకుండవలయునో, ఏ పదము మింగివేయవలయునో వ్రాసినవానికి తెలిసినట్లు మరియొకనికి తెలియదు. ఆయన వేషములకు వన్నె తెచ్చినది ఆయనలోని నవలాకర్తయే యని మేము ధైర్యముగ చెప్పగలము.

ఇక నవలల సంగతి. 'చీకట్లో చీలికలు', 'పిడికెడు ఆకాశం', 'ఎర్రసీత', 'సాయంకాలమైంది' ఆయన నవలలలో పేర్కొనదగినవి. కడపటిది నటుడుగ ఆయనకు రావలసిన పేరంతయు వచ్చిన పిమ్మట వ్రాసినది. తరతరములుగ దేవుని కొలుచుచు వచ్చిన ఒక వైష్ణవార్చకుల కుటుంబము, పిల్లలు దూరదేశములకు తరలిపోగా, ఆచారమునకును వాత్సల్యమునకును మధ్య నలిగి ఎట్లు సంధ్యవేళకు చేరినదో ఆ నవల చెప్పుచున్నది. అందు పాతకాలమును దూషించుట లేదు, క్రొత్తకాలమును తిట్టుట లేదు. కొడుకును అమెరికాకు పంపి, ఊరిలో తాళము వేసిన గదులనడుమ దీపము పెట్టుకొని కూర్చుండు తలిదండ్రులు నేడు జనగామలోను కలరు, మహబూబాబాదులోను కలరు. ఆ పుస్తకము విశాఖపట్టణమునకు దగ్గరి పల్లెను గూర్చి వ్రాసినదైనను, చదివినవారికి తమ ఇంటి ముచ్చటయే యని తోచును.

ఇటీవల ఈ మూడు జిల్లాలలో మేము తిరుగునప్పుడు కనబడినవారి నొక ప్రశ్న అడుగుచు వచ్చితిమి. జనగామ స్టేషను వెలుపల చాయ త్రాగుచున్న ఒక పెద్దరైతును గొల్లపూడివారి నెరుగుదురా యని అడుగగా, "ఎందుకెర్కలేదు సారూ! గా సంసారం ఒక చదరంగంల తండ్రి యేషం కట్టినాయన గదా! మస్తు జేసిండు" అని వెంటనే చెప్పెను. మానుకోటలో మిరప బస్తాలు తూకము వేయించుచున్న వ్యాపారియు, భూపాలపల్లిలో బొగ్గుగని పాళి ముగించుకొని వచ్చుచున్న కార్మికుడును ఒక్కొక్క చిత్రము పేరు చెప్పిరి. ఆయన నవల యేదైనను చదివితిరా యని అడిగినప్పుడు రైతు మా ముఖమువంక చూచి, "పుస్తకాలు గూడ రాసిండా?" అని ఆశ్చర్యపడెను. ఆ మాటలో అజ్ఞానము లేదు, అపరాధము లేదు. పుస్తక మాయన ఇంటివరకు రాలేదు, బొమ్మ వచ్చినది. అంతియే. కాని యాబదియేండ్లు కలము పట్టిన మనుష్యుని కది తగిన తీర్పేనా యని మేము చింతించితిమి.

చదువుకొన్నవారి తీర్పును అంతకంటె మెరుగుగా లేదు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955 నుండి పురస్కారముల నిచ్చుచున్నది. ఆ తెలుగు పట్టికలో మారుతీరావుగారి పేరు లేదు. జనులు ఆయనను నటుడనిరి; పండితులును 'నటుడు గదా' యని ఊరకుండిరి. సామాన్యులు నవలను చూడక నటుని మెచ్చుకొనిరి, విద్వాంసులు నటుని చూచి నవలను ప్రక్కకు నెట్టిరి. వేషమే రెండువైపులను అడ్డుతెర యయ్యెను. ఇందు వ్యక్తిద్వేష మేదియు మేము ఆరోపించుట లేదు. ప్రసిద్ధి గలవానికి మరల గౌరవమెందుకను తలంపు మన సభలలో సహజముగ నుండును. కాని ముఖమునకు వచ్చిన ప్రసిద్ధి పుస్తకమునకు వచ్చిన గౌరవము కాజాలదు.

ప్రక్కనున్న కన్నడదేశమును చూడుడు. కోట శివరామ కారంతుగారు నలుబదికి పైగా నవలలు వ్రాసిరి. కాళ్లకు గజ్జెలు కట్టి యక్షగానమున తామే ఆడిరి, ఇతరులచే ఆడించిరి, ఆ కళను సంస్కరించి విదేశములకు తీసికొనిపోయిరి. 1977లో ఆయనకు జ్ఞానపీఠ మిచ్చునప్పుడు, ఆయన గజ్జె కట్టుట నవలకు లోపమని ఎవ్వరును అనలేదు. అత్యయికపరిస్థితిని ధిక్కరించి పద్మభూషణమును తిరిగి యిచ్చివేసిన ధీరుడాయన. సేద్యమును విడిచి పట్నములకు పోయినవారు మరల మట్టికి చేరుటను గూర్చిన ఆయన నవలను తిరుమల రామచంద్రగారు 'మరల సేద్యానికి' యను పేర తెనిగించిరి. భూమి గల ప్రతి కుటుంబమును చదువదగిన గ్రంథమది. ఆంగ్లదేశమున చార్లెస్ డికెన్సు 1858 నుండి తన నవలలను సభలలో అభినయపూర్వకముగ చదివి చూపుచు వేలాది శ్రోతలను నవ్వించెను, ఏడ్పించెను. ఆ శ్రమచే ఆరోగ్యము క్షీణించి 1870లో మరణించెను. కాని ఆతని అభినయమును చూచిన జనులు ఇంటికి పోయి ఆతని పుస్తకమునే చదివిరి. భేదమిక్కడనే యున్నది. అక్కడ వేషము పుస్తకమునకు ద్వారమైనది. ఇక్కడ ద్వారముకడనే మనము ఆగిపోతిమి.

ఎదుటిపక్షము మాటను కూడ వినుట న్యాయము. రెండువందల చిత్రములలో వేషము వేసినవాడు వ్రాసిన నవలలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆ షూటింగులకు పోయిన దినములే వ్రాయుబల్ల ముందు గడపియుండిన తెలుగు నవలకు ఎంత మేలు కలిగియుండునో కదా యని కొందరు మిత్రులు మాతో అనిరి. ఈ వాదమున కొంత నిజము కలదు. ఆయన వేసిన వేషములలో మరునాటికి మరచిపోదగినవియు చాల గలవు. కాలము వెనుకకు రాదు. అయినను తెలుగున కేవలము నవలలు వ్రాసి కుటుంబమును పోషించుకొనగలిగినవారు ఎందరు? ఒకడు ఉపాధ్యాయుడగును, ఒకడు గుమాస్తా యగును, మరియొకడు ప్లీడరగును. వీరి నెవ్వరును నవలకు ద్రోహము చేసితిరని నిందింపరు. వేషము వేసి జీవించినవానినే నిందించుట యెట్టి న్యాయము? అదియునుగాక, నటుడై యుండియే ఆయన పత్రికలలో 'జీవన కాలమ్' శీర్షికను ఏండ్ల తరబడి నడిపిరి, 'అమ్మకడుపు చల్లగా' యను పేర ఆత్మకథను వ్రాసిరి, 'సాయంకాలమైంది' వంటి నవలను వ్రాసిరి. కలమును ఆయన ఏనాడును క్రింద పెట్టలేదు.

ఆయన అందుకొనిన బిరుదులకంటె ఆయన స్థాపించిన పురస్కారము మాకు ఘనముగ తోచుచున్నది. ఆయన కుమారుడు శ్రీనివాస్ తన తొలిచిత్రమైన 'ప్రేమ పుస్తకం' తీయుచు, 1992 ఆగస్టు 12న విశాఖ సముద్రతీరమున అలలకు బలియయ్యెను. తండ్రి ఆ దుఃఖమును దిగమ్రింగి, కుమారుడు సగములో విడిచిన చిత్రమును తామే పూర్తిచేసి లోకమునకిచ్చిరి. పిమ్మట ఆ కుమారుని పేర, భారతీయ భాషలలో తొలిచిత్రము తీసిన ఉత్తమ దర్శకునకు ఏటేట ఒక పురస్కార మిచ్చు ఏర్పాటు చేసిరి. తెలుగువానికే యని గీత గీయలేదు. ఏ భాషవాడైనను తొలిప్రయత్నమున ప్రతిభ చూపిన చాలును. 'తారే జమీన్ పర్' చిత్రమునకు ఆమిర్ ఖాన్ దానిని అందుకొనిన సంగతి చదువరులకు జ్ఞాపకముండవచ్చును. తొలి అడుగు వేయువానికి చేయూత నిచ్చుటయే గౌరవములలో మిన్న. చివరి దశలో శాలువ కప్పుట అందరును చేయుదురు.

ఇప్పుడు మన ప్రాంతమును చూతము. మహబూబాబాదు జిల్లా చినగూడూరులో 1928 ఆగస్టు 24న జన్మించిన దాశరథి రంగాచార్యులవారు నిజాము నిరంకుశత్వముపై పోరాడి, ఆ పోరాటమునకు పూర్వోత్తరములను నవలలలో నిక్షేపించిరి. 'చిల్లర దేవుళ్లు' నందు గడీ, వెట్టి, ఆడబాపల దుఃస్థితి కండ్లకు కట్టును. ఆ గడీకి పాట పాడుకొనుచు వచ్చిన గాయకుని కండ్లతోనే మనమా లోకమును చూతుము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ నవలను గౌరవించినది, టి. మధుసూదనరావుగారు దానిని చిత్రముగ తీసిరి. 'మోదుగుపూలు' సాయుధపోరాటమును చెప్పినది. ఆ చేతులే నాలుగు వేదములను తెలుగు వచనమున అనువదించినవి. 2015 జూన్ 8న ఆయన అస్తమించిరి. అన్నగారు కృష్ణమాచార్యులకు 1974లో లభించిన కేంద్ర అకాడమీ పురస్కారము తమ్ముని నవలలకు లభింపలేదు.

జనగామ జిల్లా పాలకుర్తి మండలము వావిలాలలో 1941లో జన్మించిన దొంగరి మల్లయ్యగారు 'నవీన్' అను పేర వ్రాసిన 'అంపశయ్య' 1969లో వెలువడి, ఆ నవల పేరే ఆయనకు ఇంటిపేరైనది. ఉస్మానియా వసతిగృహమున ఒక పేదవిద్యార్థి మేల్కాంచినది మొదలు నిద్రించువరకు గల ఒక్క దినపు మనోగతి ఆ గ్రంథము. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 'అంపశయ్య' నాధారముగ ప్రభాకర్ జైనిగారు 2016లో చిత్రము తీసిరి. ఆ జిల్లాలోనే దేవరుప్పుల మండలపు అప్పిరెడ్డిపల్లెలో చిందు యక్షగానమునకు జీవితము ధారపోసిన గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. ఐదు దశాబ్దములుగ పల్లెపల్లె తిరిగి పురాణపాత్రలను ఆడినవాని గుమ్మమునకు ఢిల్లీ గౌరవము వచ్చుట ఈ నేలకంతటికిని వచ్చినట్లే. వ్రాసినవారు, ఆడినవారు ఇరుగుపొరుగు ఊళ్లవారే. వారిని కలిపి చూడని దోషము మన చూపులోనిది.

బిరుదులకు ప్రభుత్వముల చేతిలో స్థిరత్వము లేదు. నంది బహుమానములు 2016 సంవత్సరపు చిత్రములవరకు ప్రకటింపబడి నిలిచిపోయినవి. తెలంగాణ ప్రభుత్వము గద్దరు పేర స్థాపించిన చలనచిత్ర పురస్కారములను 2025లో ఇచ్చినది. పాట తామే వ్రాసి, తామే ఆడి పాడినవాని పేర పురస్కారముండుట ఉచితము. కాని ప్రభుత్వము మారిన బిరుదు మారవచ్చును, నిలిచిపోవచ్చును. ప్రభుత్వముపై ఆధారపడని గౌరవ మొక్కటియే కలదు: చదువుట. దానిని ఇచ్చు అధికారము పాఠకునిదే. దానికి దరఖాస్తు లేదు, సిఫారసు లేదు.

ఆ యధికారమును వాడుకొనుటకు మనకు సాధనములును కలవు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పినప్పుడు మన పెద్దలకు తెలుగు చదువుటయే ఒక ధిక్కారము. వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాల పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. నేడు ప్రతి జిల్లాకును గ్రంథాలయసంస్థ కలదు. పట్టణవాసి చెల్లించు ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్నును చెల్లించుచునే యున్నాడు. పన్ను కట్టినవానికి లెక్క అడుగు హక్కు కలదు. మా ఊరి గ్రంథాలయమున 'సాయంకాలమైంది' కలదా, 'మోదుగుపూలు' కలదా, 'కాలరేఖలు' కలదా యని అడుగుట ఆ లెక్కలో మొదటి ప్రశ్న. అడిగిన పుస్తకము వచ్చును. అడుగని పుస్తకము రాదు.

భూస్వాములకును వర్తకులకును మా విన్నపము మరియొకటి. మన ఊళ్లలో పెండ్లికి, గృహప్రవేశమునకు, సన్మానమునకు శాలువలు, పూలదండలు, జ్ఞాపికలు కొనుచున్నాము. దండ సాయంకాలమునకు వాడును. జ్ఞాపిక అలమారపై దుమ్ముపట్టును. ఆ సొమ్ములో పదియవవంతుతో ఆ రచయిత నవలలనే కొని పాఠశాలల కిచ్చిన, ఒక్కొక్క ప్రతిని పదిమంది పిల్లలైనను త్రిప్పుదురు. ఊరి యువకసంఘము ఏటేట ఒక నాటకమాడునప్పుడు 'కళ్ళు' వంటి తెలుగు నాటకమును ఎన్నుకొనవచ్చును. హక్కుదారుల అనుమతి పొంది ఆడినయెడల రచయిత కుటుంబమునకును గౌరవము. ఆటనాడు రంగముకడ ఆ రచయిత పుస్తకముల నొక బల్లపై పేర్చియుంచిన, ముఖమును చూడవచ్చినవాడు పుస్తకమును చేతబట్టుకొని పోవును. డికెన్సు శ్రోతలు చేసినది ఇదియే గదా.

గొల్లపూడివారు నటించిన చిత్రములు పెట్టెలలో నేటికిని తిరుగుచున్నవి. వానికి మన సాయ మక్కరలేదు. నవలలకు మాత్రము చదువరి కావలయును. జనగామ స్టేషనుకడ మాతో మాటాడిన రైతు ఇంటికి ఒక పుస్తకము చేరినయెడల, ఆయన మునుపు మెచ్చిన తండ్రి వేషమునకు మూలమేమో అందు తానే కనుగొనును. ఆ పుస్తకమును చేర్చుట పట్టణమున చదువుకొన్నవారి పని. ఆ పనికి సభలు, తీర్మానములు వలదు. ఊరి గ్రంథాలయమువరకు ఒక్కసారి నడచిపోయి, పుస్తకము పేరు వ్రాసియిచ్చి, అది వచ్చువరకు అడుగుచుండిన చాలును.